పువ్వులేని చోట వాలిన సీతాకోకచిలుకలు

అక్కా, నేను బతికే ఉన్నాను. వేరే కబురేదైనా వస్తే నమ్మకు, ఈ దస్తూరీ అమ్మకు చూపించు. కార్డు మాత్రం ఎప్పటిలా చిన్నదాని చేత చదివించకు.

చలికాలంలో సరుకులకని కొండ దిగి తిరిగి రాని మా క్యాంపు వంటాయన మొన్న దొరికాడు. మంచు కరిగి పచ్చిక నిండా పసుపు, ఊదా పూలు విరగబూశాయి. చిన్నదానికి సీతాకోకచిలుకల రంగులు రాస్తానన్నాను కదా, కరెంటు తీగ లాగే పని ఆపి చూస్తున్నాను. అవి అన్ని పూలనూ వదిలేసి, ఒక్క పువ్వూ లేని బండ పక్కన గుంపుగా వాలుతున్నాయి. ఏముందా అని వెళ్ళాను. అవి లేచాక, నువ్వల్లిన నా నీలం స్వెటర్ కనిపించింది. ఆయన వెళ్ళే రోజు వణుకుతుంటే నేనే తొడిగాను. "మీ అక్క చెయ్యి చల్లగుండాలి బాబూ" అన్నాడు.

శవాన్ని కిందికి దించాక, కాలరు లోపల నువ్వు కుట్టిన పేరు చూసి, పోయింది నేనేనని ఆసుపత్రిలో రాసేసుకున్నారు. మొత్తుకుంటే సరిచేస్తామన్నారు గానీ, మనింటికి కబురు పంపారో లేదో చెప్పరు.

అమ్మ మోకాలి నొప్పి తగ్గిందా? వంటింటి కిటికీ రెక్క బావ బిగించాడా, ఇంకా రేపు మాపు అంటున్నాడా? సీతాకోకచిలుకల్లో నల్లచుక్కల తెల్లవి ఎక్కువని చిన్నదానికి చెప్పు, అంతే చాలు. ఇంకో స్వెటర్ అల్లితే పేరు కుట్టడం మానకు. వంటాయనను మేమంతా పెద్దాయనా అనే పిలిచాం. ఆయన పేరూ ఊరూ ఒక్కరం అడగలేదు.

అమ్మకు, బావకు దణ్ణాలు. మీరైనా నా కార్డు చూసి ఊపిరి పీల్చుకుంటారు. ఆయన వాళ్ళు ఇంకా గుమ్మంవైపే చూస్తుంటారు.

నీ తమ్ముడు