ఎక్కువైన ఆరు దెబ్బలు

కామాఠిపుర, పదకొండో గల్లీ
మే 6

సాగర్ రేసింగ్ క్లబ్బులో పందేలు చూసుకునే పెద్దలందరికీ,

కామాఠిపుర పోచమ్మ గుడి పోతరాజు శంకర్రావు నమస్కరించి రాయునది. ఇక్కడ మేమంతా క్షేమం. మీరూ, మీ గుర్రాలూ క్షేమమని తలుస్తాను.

మీ దగ్గర జాకీగా ఉన్న కునాల్ నా మనవడు. ఆఖరి పందెంలో గుర్రాన్ని అయిదు దెబ్బలకు మించి కొట్టకూడదన్న చోట పదకొండు కొట్టాడనీ, జులై ఆఖరు దాకా పందేలకు రాకూడదనీ మీరు కాగితం ఇచ్చారు. అది ఇంగ్లీషులో ఉంటే మా చాల్‌లో పక్క గదిలో ఉండే స్నేహల్ చదివి చెప్పింది. అప్పీలు రాతపూర్వకంగా చేసుకోవచ్చని అడుగున ఉందట. ఏ భాషలో అన్నది రాయలేదు గనక నాకు వచ్చిన భాషలో చేసుకుంటున్నాను.

అయ్యా, ఆషాఢ బోనాల్లో ఒంటికి పసుపు పూసుకుని, కాళ్లకు గజ్జెలు కట్టుకుని, బోనాలెత్తిన ఆడవాళ్ల ముందు కొరడా ఝళిపిస్తూ నడిచేది నేనే. ముందు ఆ కొరడాతో నన్ను నేను కొట్టుకుంటాను. తర్వాత దెబ్బ కోసం జనం వరసలో నిలబడతారు. పరీక్ష తప్పినవాళ్లు, పెళ్లి కుదరనివాళ్లు, కొత్తగా టాక్సీ కొన్నవాళ్లు. దెబ్బ తగిలితే పీడ పోతుందని నమ్మకం. ఇన్నేళ్లలో "ఎక్కువ కొట్టినవ్" అన్నవాడు ఒక్కడు లేడు. "ఇంకోటి ఎయ్యి మామా" అన్నవాళ్లే ఉన్నారు. అలాంటిది, అడక్కుండానే పదకొండు దెబ్బలు దొరికిన ఆ గుర్రం ఎంత అదృష్టం చేసుకుందో మీరే ఆలోచించండి. ఇంతకీ ఫిర్యాదు చేసింది ఎవరు? గుర్రమేనా?

నా బాధ ఇది. నాకు భుజం లేవడం లేదు. మా నాన్న నాకిచ్చిన ఆ కొరడాను ఈ ఆషాఢంలో కునాల్ చేతికి ఇద్దామనుకున్నాను. కొరడా తప్పుగా వాడి శిక్షపడ్డవాడి చేతికి అమ్మవారి కొరడా ఎలా ఇస్తారని గల్లీ కమిటీ సెక్రటరీ రితేశ్ అడుగుతున్నాడు. కునాల్ పట్టకపోతే అది మా ఇల్లు దాటిపోతుంది. దయచేసి శిక్ష రద్దు చేయండి.

ఇట్లు,
మీ మేలు కోరే
శంకర్రావు

తా.క.: పోతరాజంటే భారీ మనిషి అయి ఉండాలని మా గల్లీలో కొందరి అభిప్రాయం. కునాల్ నలభై తొమ్మిది కిలోలు. గుర్రం దిగితే జనంలో కనిపించడు. ఇది మీరు పరిష్కరించవలసిన విషయం కాదు, ఊరికే చెబుతున్నాను.


సాగర్ రేసింగ్ క్లబ్, క్రమశిక్షణ విభాగం
మే 19

విషయం: కొరడా ఎక్కువగా వాడుట గురించి

శ్రీ శంకర్రావుగారికి,

మీ అప్పీలు అందింది. ఒకరు కన్నడమని, ఇంకొకరు తమిళమని టేబుళ్లు తిప్పి, చివరికి నా దగ్గరికి పంపారు. నేను ఇక్కడ క్లర్కును. పేరు భవాని, వర్లిలో తెలుగువాళ్ల చాల్‌లో ఉంటాం. మీ ఉత్తరాన్ని, శిక్షలు నిర్ణయించే మా పెద్ద సాహెబుకు మరాఠీలో వినిపించాను. ఆయన చెప్పిన జవాబులు రాస్తున్నాను.

గుర్రం ఫిర్యాదు చేయలేదు. అది చేయలేదు గనకే దాని తరఫున అడగడానికి మేం ఉన్నాం. దాని పేరు గుడ్ ఈవినింగ్, నాలుగేళ్ల ఆడగుర్రం. ఒక దెబ్బ వేశాక ఇంకో దెబ్బ వేసేలోపు, జవాబివ్వడానికి గుర్రానికి సమయం ఇవ్వాలని నియమం. మీ మనవడు ఇవ్వలేదు. అప్పీలు విచారణ జూన్‌లో ఉంటుంది. గుర్రం అదృష్టం విషయంలో విభాగానికి ఏ అభిప్రాయమూ లేదు.

ఇట్లు,
విభాగం తరఫున
భవాని

తా.క.: నేను మరాఠీ బడిలో చదివాను. తెలుగు మాట్లాడతాను గానీ రాయలేను. రాస్తున్నది మా అమ్మ రత్నాబాయి. కాబట్టి నిర్ణయం సాహెబుది, మాటలు నావి, అక్షరాలు అమ్మవి.

మరో తా.క.: అన్నగారూ, నేను రత్నాబాయిని. భవాని చాయ్ పెట్టడానికి లేచింది, అందుకని రాస్తున్నాను. కొరడా దెబ్బ మోకాళ్ల నొప్పికి పనిచేస్తుందా? జవాబు విడిగా రాయగలరు, సాహెబుకు తెలియనక్కర్లేదు.


కామాఠిపుర
మే 28

అమ్మా భవానికి ఆశీస్సులు, రత్నాబాయి చెల్లెమ్మకు నమస్కారం.

చెల్లెమ్మా, మోకాళ్ల కోసం ఇంతవరకు ఎవరూ రాలేదు. బోనాలకు రండి, చూద్దాం.

గుర్రం కూడా జవాబివ్వాలన్న మాట నాకు బాగా నచ్చింది. అలాగైతే దాన్నే అడుగుదాం. విచారణ రోజు గుడ్ ఈవినింగ్‌ను కూడా పిలిపించండి. మావాడి మీద దానికి కోపం ఉందో లేదో మొహం చూస్తే తెలిసిపోతుంది. ఈలోగా దాని పేరున గుళ్లో అర్చన చేయిద్దామని వెళ్లాను. ఎవరి పేరున అని పూజారి అడిగాడు. గుడ్ ఈవినింగ్ అన్నాను. ఆయన నాకూ గుడ్ ఈవినింగ్ చెప్పి, మళ్లీ ఎవరి పేరున అని అడిగాడు. అప్పుడు ఉదయం ఏడు గంటలు. దాని నక్షత్రం తెలియజేస్తే ఇలాంటి ఇబ్బంది లేకుండా అర్చన పూర్తి చేయిస్తాను.

ఇక అసలు సంగతి. అయిదు దెబ్బలకు అనుమతి ఉంది. వాడు వేసినవి పదకొండు. అంటే ఎక్కువైనవి ఆరు. మా పద్ధతిలో పోతరాజు ముందు తన ఒంటి మీదే వేసుకుంటాడని రాశాను కదా. ఆ ఆరు దెబ్బలూ నేను మీ ఆఫీసుకే వచ్చి, పెద్ద సాహెబు ఎదుట, నా ఒంటి మీద వేసుకుంటాను. భుజం బాగాలేకపోయినా ఆరింటికి పనికొస్తుంది. దాంతో లెక్క సరిపోతుంది, కునాల్ పేరు మీద మచ్చ ఉండదు. జూన్ 8 సోమవారం వస్తున్నాను. పసుపు పూసుకుని గజ్జెలతోనే వస్తాను గనక గేటు దగ్గర చెప్పి ఉంచండి.

ఇట్లు,
శంకర్రావు

తా.క.: డప్పులవాళ్లు నలుగురు వెంట ఉంటారు. డప్పు వినిపించకపోతే నాకు చెయ్యి లేవదు.


సాగర్ రేసింగ్ క్లబ్
జూన్ 3, స్పీడ్ పోస్టు

విషయం: కొరడాతో ఆఫీసుకు వచ్చుట గురించి

శ్రీ శంకర్రావుగారికి,

దయచేసి అలా రావద్దు. మీ ఉత్తరం వినిపిస్తూ "ఆయన కొరడా తీసుకుని సోమవారం మన ఆఫీసుకు వస్తున్నారట" అన్న దగ్గర కాగితం తిప్పడానికి ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణంలోనే సెక్యూరిటీకి ఫోను వెళ్లిపోయింది. తర్వాతి వాక్యం చదివేసరికి గేటు దగ్గర ఇద్దరు మనుషులు పెరిగారు. కొట్టేది మనల్ని కాదు, తనను తానే అని చెప్పాను. దాంతో ఇంకా కంగారుపడ్డారు. జంతువుల సంక్షేమం చూసే మేడం మా జాకీల కొరడాలకు ఉన్నట్టు మీ కొరడాకు మెత్త ఉందా అని అడిగారు. మనుషుల సంక్షేమం చూసేవాళ్లు మా క్లబ్బులో లేరు, అందుకని అది కూడా ఆవిడే అడగవలసి వచ్చింది.

సాహెబు చెప్పినవి. ఒకరి శిక్ష ఇంకొకరు అనుభవించడానికి వీల్లేదు. గుర్రాన్ని విచారణకు పిలవరు. దాని నక్షత్రం మా రికార్డుల్లో లేదు, పుట్టినరోజు ఫిబ్రవరి 9. గుర్రం చెప్పవలసిందంతా పందెం వీడియోలో ఉంది, జాకీతో పాటు ఇంటి పెద్ద వచ్చి చూడవచ్చు. అదే సోమవారం రండి. కొరడా లేకుండా, డప్పులు లేకుండా.

ఇట్లు,
భవాని

తా.క.: ఇది పెద్ద సాహెబు సొంతంగా అడిగారు, ఫైల్లో పెట్టవద్దన్నారు. మిమ్మల్ని మీరు కొట్టుకున్నప్పుడు నొప్పి పుట్టదా?

మరో తా.క.: అన్నగారూ, డప్పులు లేకుండా అన్న మాట నాకు నచ్చలేదు. చెప్పింది రాయడమే నా పని గనక రాశాను. రత్నాబాయి.


కామాఠిపుర
జూన్ 14

అమ్మా భవానీ,

నా అప్పీలు వెనక్కి తీసుకుంటున్నాను. ఈ ఉత్తరాన్ని సాహెబుకు మధ్యలో ఆగకుండా వినిపించు.

ఆ రోజు వీడియో మొదటిసారి వేసినప్పుడు నేను కునాల్‌నే చూశాను. చెయ్యి లేచిన తీరూ దిగిన తీరూ అచ్చం మా నాన్నదే. గర్వపడ్డాను కూడా. రెండోసారి వేసినప్పుడు సాహెబు "ఇప్పుడు గుర్రాన్ని చూడండి" అన్నారు. చూశాను. అయిదో దెబ్బ దాకా అది ఇంకాస్త, ఇంకాస్త సాగింది. ఆ తర్వాత సాగలేదు. ఆరో దెబ్బకు చెవులు వెనక్కి వాలిపోయాయి, మళ్లీ లేవలేదు. చివరిదాకా అదే వేగం. తన దగ్గర ఉన్నదంతా అప్పటికే ఇచ్చేసింది. ఆ ఆరు దెబ్బలకూ ఇవ్వడానికి దాని దగ్గర ఏమీ మిగల్లేదు. గుర్రం జవాబంటే ఏమిటో నాకు అప్పుడు అర్థమైంది.

తిరిగి వస్తూ గ్రాంట్ రోడ్ స్టేషన్ బయట చాయ్ తాగుతూ వాణ్ణి అడిగాను.

"ఎందుకు కొట్టినవ్ రా గంతగనం?"

"ఏక్‌దమ్ భయమైంది తాతా. ఎనక గుర్రం గిట్టల సప్పుడు చెవుల వడ్తుండె. ఓడిపోతే రేపటిసంది నాకు గుర్రం ఎవ్వరిస్తరు?"

"మరి దానికి భయం గాలేదా?"

వాడు గ్లాసు కింద పెట్టాడు. "నేను దాన్ని సూడనే లేదు తాతా. గెలుపు కంబాన్నే సూస్తున్న" అన్నాడు.

నాకు దుఃఖం వచ్చింది. వాడి కోసమూ వచ్చింది, గుర్రం కోసమూ వచ్చింది. మా వరసలో నిలబడేవాడు చేతులు జోడించి దెబ్బ అడుగుతాడు. అడిగినవాడినే కొడతాం, అదీ మమ్మల్ని మేం కొట్టుకున్నాక. గుడ్ ఈవినింగ్ ఎవరినీ ఏమీ అడగలేదు. అది అదృష్టం చేసుకుందని నేను మొదటి ఉత్తరంలో రాశాను. ఆ మాట మీద గీత పెట్టించు తల్లీ.

ఈ ఏడు కొరడా పట్టనని కునాలే చెప్పాడు. రోజూ పొద్దున్నే మీ లాయానికి వచ్చి దాన్ని నడిపిస్తున్నాడట. ఎక్కకూడదని కాగితంలో ఉంది గానీ పక్కన నడవకూడదని లేదని వాడి వాదన. ఈ ఆషాఢానికి ఎలాగోలా ఈ భుజంతోనే నడుస్తాను. వచ్చే ఏడాది కోసం రితేశ్ తన తమ్ముణ్ణి జిమ్‌కు పంపిస్తున్నాడు. కొరడా మా ఇల్లు దాటేలాగే ఉంది. బాధగానే ఉంది, అయినా అప్పీలు చేయను.

సాహెబు అడిగినదానికి జవాబు. నొప్పి పుడుతుంది. పుట్టాలి కూడా. మన ఒంటి మీద ఎంత పుడుతుందో తెలిస్తేనే ఎదుటివాడి దగ్గర చెయ్యి ఎక్కడ ఆపాలో తెలుస్తుంది. అనుమానం ఉంటే జులై 26 ఆదివారం బోనాలకు రమ్మను.

ఇట్లు,
శంకర్రావు

తా.క.: మేడంగారికి. మా కొరడాకు మెత్త లేదు. మెత్త నాకే ఉంది, మా ఆవిడ చేతి వంట అలాంటిది.


సాగర్ రేసింగ్ క్లబ్, క్రమశిక్షణ విభాగం
జులై 28

విషయం: కొరడా తక్కువగా వాడుట గురించి

కామాఠిపుర పోచమ్మ గుడి పోతరాజు శంకర్రావుగారి సమక్షానికి,

ఇది అప్పీలు. ఈసారి చేసుకుంటున్నది మేం. అప్పీలులో జరిగిందంతా రాయాలని నియమం గనక, మీరు కళ్లారా చూసిందే మళ్లీ రాస్తున్నాను.

ఆదివారం వర్షంలో సాహెబు, నేను, అమ్మ మీ గల్లీకి వచ్చాం. కొరడా మీ చేతిలో ఉంది. కునాల్ మీ తువ్వాలు పట్టుకుని వెనక నడుస్తున్నాడు. చూద్దామని వచ్చిన సాహెబు, నాకు చెప్పకుండానే వెళ్లి వరసలో నిలబడ్డారు. ఆయన ముందు ఒక టాక్సీ అతను, వెనక పరీక్ష తప్పిన అబ్బాయి. ఆయనకు ఏం పీడ ఉందో నాకు అప్పుడు తెలియదు.

ఆయన వంతు వచ్చింది. మీరు మొహం చూసి గుర్తుపట్టారు. గుర్తుపట్టి, కొరడా తీసి కునాల్ చేతిలో పెట్టారు. డప్పులు ఆగిపోయాయి. "అరే కాకా, గిదేంది" అన్నాడు రితేశ్. కునాల్‌కు శిక్ష వేసిన మనిషి చొక్కా విప్పుకుని ఎదురుగా నిలబడి ఉన్నాడు, కొరడా కునాల్ చేతిలో ఉంది. నేను భయపడి కళ్లు మూసుకున్నాను. అమ్మ మూసుకోలేదు. కాబట్టి ఇక్కడి నుంచి సాక్ష్యం అమ్మది.

కునాల్ ముందు తన ఒంటి మీద వేసుకున్నాడు. ఆరు. అమ్మ లెక్కపెట్టింది. డప్పులు లేకుండానే వేసుకున్నాడు. తర్వాత సాహెబును అడిగాడు, "సాబ్, ఆప్ మాంగ్ రహే హో నా?" అని, దెబ్బ మీరే అడుగుతున్నారు కదా అని. సాహెబు చేతులు జోడించారు. అప్పుడు ఒక్కటి వేశాడు, తగిలీ తగలనట్టు. వేసి, ఆయన మొహంలోకి చూస్తూ ఆగాడు. చాలాసేపు ఆగాడని అమ్మ అంటోంది. ఆ తర్వాత కొరడా మీకు తిరిగి ఇవ్వబోతే మీరు చేతులు వెనక్కి పెట్టుకున్నారు. రితేశ్ డప్పులవాళ్లకు సైగ చేశాడు. గుడి దాకా ముందు నడిచింది కునాలే. అంత జనంలోనూ అతను అందరికీ కనిపించాడు.

ఇప్పుడు సాహెబు ఫిర్యాదు. ఆయన మాటల్లోనే రాస్తున్నాను. "కుర్రతనంలో నేనూ స్వారీ చేశాను భవానీ. అప్పట్లో దెబ్బలు లెక్కపెట్టేవాళ్లు లేరు. నాకు ఒక్కటి ఏం సరిపోతుంది? అతను అంతటితో ఆపేశాడు. దీనికి అప్పీలు ఎక్కడ చేసుకోవాలో కనుక్కో." తమరు విచారించి తగిన నిర్ణయం తెలియజేయగలరు.

ఆగస్టులో కునాల్ మళ్లీ స్వారీ చేయవచ్చు. మొదటి పందెం గుడ్ ఈవినింగ్ మీదే. దాని యజమాని కోరి అడిగారు.

ఇట్లు,
తమ నిర్ణయం కోసం ఎదురుచూసే
భవాని

తా.క.: అన్నగారూ, నేను రత్నాబాయిని. మోకాళ్ల కోసం నేనూ వరసలో నిలబడ్డాను. కునాల్ నా దాకా వచ్చి, కొరడా చంకలో పెట్టుకుని, "నీకొద్దు అమ్మమ్మా, గంతసేపు ఎందుకు నిలబడ్డవ్, కూసో" అని కుర్చీ తెప్పించాడు. నొప్పి సగం తగ్గింది. మిగతా సగానికి నాదీ ఒక అప్పీలు రాసుకోండి.