అక్క తిన్న రోజే గెలుస్తాం

గుడివాడలో ఉన్న మా సరోజక్కకి,

విశాఖపట్నం నుంచి తమ్ముడు శ్రీను కాళ్లకి దండం పెట్టి రాసేది. ఇక్కడ నేను కులాసా, ఎడమ మోకాలు తప్ప. అక్కడ నువ్వూ బావగారూ కులాసా అని తలుస్తాను. నీ షుగర్ ఎలా ఉంది? నిజం రాయి. నువ్వు దాస్తే బావగారు ఎలాగూ చెప్పేస్తారు.

చేతిలో ఫోను పెట్టుకుని ఉత్తరం ఏమిటని నవ్వకు. ఫోన్లో నువ్వు నన్ను మాట్లాడనివ్వవు. ఉత్తరానికి అడ్డుపడలేవు కదా.

కలకత్తా, గోవా, కేరళ, షిల్లాంగ్ అన్నీ తిరిగి ఈ వయసులో తెలుగు మాట్లాడే టీములో పడ్డాను. పోర్టు దగ్గర ఒక కంపెనీ ఫుట్‌బాల్ టీము. ఉక్కపోత చెప్పనలవి కాదు. తెల్ల మేజోళ్లు ఉతికి ఆరేస్తే బొగ్గు నుసి పడి సాయంత్రానికి బూడిద రంగుకి తిరుగుతాయి. మెస్సులో నూకాలమ్మ వండే చేపల పులుసు బ్రహ్మాండం. సాంబారు మాత్రం కాళ్లు కడుక్కోవడానికి పనికొస్తుంది. వీలైతే ఒక సీసా ఉలవచారు బస్సులో పంపించు, మద్దిలపాలెంలో తీసుకుంటాను. సాయంత్రాలు కుర్రాళ్లంతా పెళ్లాలతో ఫోన్లు మాట్లాడుకుంటుంటే నేను గోడమీద కూర్చుని ఓడల దీపాలు చూస్తుంటాను. బెంగ పెట్టుకోకు, బాగానే ఉన్నాను.

గోలు కొట్టావా అని ఇప్పటికీ అడుగుతావు. మిడ్‌ఫీల్డువాడిది కొట్టే పని కాదక్కా, అందించే పని. పెళ్లిలో వడ్డించేవాడికి ఎవరైనా ఫొటో తీస్తారా? అలాగే ఊరూరా వడ్డించుకుంటూ వచ్చాను.

ఇక అసలు సంగతి. నేను మొదటి టీములో చేరినప్పటినుంచీ మ్యాచ్ రోజు నువ్వు పస్తుంటున్నావు. ఆట అయిందని నేను ఫోన్ చేశాకే ముద్ద ముట్టేదానివి. మొన్న వానల్లో ఆ పస్తుతోనే పొయ్యి దగ్గర కళ్లు తిరిగి పడ్డావు. డాక్టరు వద్దన్నాడు. దేవుడికి మాటిచ్చానన్నావు. అందుకే మ్యాచ్ ఎప్పుడో నీకు చెప్పడం మానేశాను. మ్యాచ్ రోజు పొద్దున ఫోన్ చేసి ఏం టిఫిను తిన్నావని మాత్రం అడిగేవాణ్ణి. తమ్ముడికి ఇంత ప్రేమ ఎక్కడినుంచి పుట్టిందా అనుకుని ఉంటావు. నువ్వు పెసరట్టు తిన్నానన్నావు, మేం గెలిచాం. ఉప్మా అన్నావు, మళ్లీ గెలిచాం. నా నోరు ఊరుకోదు కదా, మా అక్క తిన్న రోజే గెలుస్తామని టీములో చెప్పేశాను.

ఇంతకుముందు సముద్రం వైపు గోలు పోస్టు ఉప్పుగాలికి జానెడు కుంగిందని నేను చెబితే మా గోల్‌కీపరు అప్పలరాజు టేపు పెట్టి కొలిచాడు. అప్పటినుంచి నా మాట ఎవడూ నమ్మడు. ఇది మాత్రం నమ్మారు. అప్పలరాజుది భీమిలి. మ్యాచ్‌కి ముందు నా ఎదురుగా నిలబడి, "ఏటి బావా, అక్క తిన్నాదా నేదా? తిన్నాదంటేనే నాను గ్లౌజులేసుకుంతాను" అంటాడు.

ఈలోగా బావగారు నోరు జారారు. తేదీలు దాస్తున్నానని నీకు తెలిసిపోయింది. ఏ ఆదివారం ఆడతావో తెలియదు కాబట్టి ఇక ప్రతి ఆదివారం పస్తే అని ఒట్టు పెట్టుకున్నావు. మొన్న ఆదివారం అలాగే చేశావు, ఓడిపోయాం. అప్పలరాజు కాళ్ల సందులోంచి బంతి దూరిపోయింది. తిడదామని వెళ్తే, "అక్క పస్తుంటే నాకు సేతులాడ్నేదు బావా" అని తల దించుకున్నాడు. వాణ్ణి తిట్టనా, నిన్ను తిట్టనా?

అయినా పాత గెలుపుల పుణ్యాన ఫైనల్‌కి వచ్చాం. వచ్చే ఆదివారం, నాలుగు గంటలకి. చూశావా, ఈసారి దాచలేదు. గెలిచినా ఓడినా నాకు ఇదే ఆఖరు. మోకాలు సెలవడిగింది. ఆఖరిది కదా అని నువ్వు ఇంకా గట్టిగా పస్తుంటావని తెలుసు. తెలిసే రాస్తున్నాను.

నీ ఒట్టు సంగతి మెస్సులో చెప్పాను. నూకాలమ్మ గరిటె కింద పెట్టేసింది. "ఆయమ్మ ముద్దెత్తినాకే మీ కంచాల్లో మెతుకు పడతాది. కోచ్ బాబొచ్చినా అంతే" అంది. హాస్యానికి అనలేదు, ఆవిడకి హాస్యం రాదు. టీమంతా సరేనంది. నువ్వు తినకపోతే మేమంతా ఖాళీ కడుపుతో ఫైనల్ ఆడాలి. నీ దేవుడికి అది ఇష్టమేమో కనుక్కో.

ఆదివారం ఒంటిగంటకి ఫోన్ చేస్తాను. కంచాల మధ్య స్పీకర్లో పెడతాను. తినకుండానే తిన్నానని చెప్పగలవు, నాకు అక్కవే కదా. అందుకని అన్నంలోకి ఒక అప్పడం పెట్టుకో. కొరికిన చప్పుడు ఇక్కడ అందరికీ వినపడాలి.

బావగారికి నమస్కారాలు, నోరు జారినందుకు కూడా. నన్ను ఆశీర్వదించు, కానీ తిన్నాక.

నీ తమ్ముడు
శ్రీను

అప్పడం వేయించకు, కాల్చుకో. నూనె నీకు పడదు.