పాత కోచ్ పట్టుకుపోయిన పిల్లలు

నారాయణఖేడ్,
జూలై 2011

కంప్యూటర్ బాస్కెట్‌బాల్ ఆట మేనేజరు అన్నకు సలోమి వందనాలు.

పోయిన క్రిస్మస్‌కు మా ఆయన పీటర్ మీ ఆటలో నా పేరున కూడా ఒక జట్టు పెట్టించాడు. "నువ్వు మనుషులతోని మాట్లాడవు, గీ పిల్లలతోనన్న మాట్లాడు" అన్నాడు. జట్టులోని ఐదుగురు కాలేజీ పిల్లల్లో ఒకడు చదువు ముగించి వెళ్లాడు. నెలాఖరుకు ఇంకొకడు రాకపోతే జట్టు తీసేస్తారట. ఎవరిని పిలిచినా ఒక పాత కోచ్ పట్టుకుపోతున్నాడు. తెర మీద అతని పేరు కూడా కనిపించదు. కొత్తవాళ్లకు ఇదేం న్యాయం?

ఇట్లు,
సలోమి

తా.క.: 'పిల్లవాడి ఇంటికి వెళ్లు' అన్నచోట నొక్కి, అరటిపళ్లు కొన్నాను. అడ్రసు పంపండి. ఒక్కదాన్నే వెళ్లాలంటే సిగ్గు. అత్తను తీసుకెళ్లొచ్చా?

హైదరాబాద్

సలోమమ్మకు నమస్కారం.

ఆ పిల్లలు ఎక్కడా లేరు. కంప్యూటర్ పుట్టించిన బొమ్మలు. ఎక్కువ గెలిచిన కోచ్ దగ్గరికే వెళతారు. నియమం అందరికీ ఒకటే. ఎలా పిలవాలో మీ ఆయన్నడగండి.

మహేందర్, మేనేజరు

తా.క.: పళ్లు మీరే తినండి.

నారాయణఖేడ్

మహేందర్ అన్నకు,

బొమ్మలైతే అంత టెక్కెందుకన్నా? కొత్త కోడలికి కూడా మొదటిరోజు పొయ్యి ఎక్కడుందో ఎవరో ఒకరు చూపిస్తారు. మొన్న ఒక పొడుగు పిల్లవాడు ఒప్పుకున్నట్టే ఉన్నాడు. నెట్ దుకాణం కిష్టప్ప "వచ్చిండక్కా!" అని అరిచాడు కూడా. తెల్లారేసరికి ఆ పాత కోచే ఎత్తుకుపోయాడు, దొంగ!

మా ఆయన్నడగమన్నారు. చలికాలం నుంచి ఆయన నాతో మాట్లాడడం లేదు.

మీ చెల్లె,
సలోమి

తా.క.: పళ్లు అత్త తిన్నది. పొడుగు పిల్లవాడొస్తే మంచం చాలదని పరేషానవుతోంది.

హైదరాబాద్

సలోమి చెల్లెకు,

ఆలుమగల అలకలు మా ఆఫీసు తీర్చలేదు. కానీ మీ ఫిర్యాదు మీద విచారించాను. నవ్వాగలేదు. ఆ దొంగ మీ ఆయనే! చలికాలం నుంచి ఆయన ఆట తెరవలేదు. ఆయన అమర్చి వెళ్లినట్టే కంప్యూటర్ ఆయన పేరున పిల్లలను పిలుస్తోంది. మీరు సరేనంటే ఆ జట్టు మూసేస్తాను. పొడుగు పిల్లవాడు మీకొస్తాడు.

మహేందర్

తా.క.: మీరే ముందు మాట్లాడండి. మగవాళ్లకు బెట్టెక్కువ.

నారాయణఖేడ్

మహేందర్ అన్నకు,

మూయకండి.

ఆయనకు బెట్టు లేదన్నా. జనవరిలో జ్వరమొచ్చి దవాఖానలో పోయాడు. పోయాడని రాయడానికి చెయ్యి రాక, మాట్లాడడం లేదని రాశాను. ఇన్నాళ్లూ ఆయన్నే తిట్టుకున్నాను.

నా జట్టు తీసేయండి. ఆయనది ఉంచండి. పొడుగు పిల్లవాడు పీటర్ దగ్గరికే పోయాడని అత్తకు చెప్పాను. "మంచిగైంది, తోడుంటడు" అని కొంగు నోట్లో కుక్కుకుంది.

మీ చెల్లె,
సలోమి

తా.క.: ఓడిన రోజు ఆయన అన్నం ముట్టేవాడు కాదు. మంచి పిల్లలను పాత కోచ్‌లకే ఇవ్వండి.