నలభై రోజుల శత్రువు

మచిలీపట్నం,
మార్చి 8.

గౌరవనీయులైన బుచ్చిబాబు గారికి,

దివిసీమ హైస్కూల్లో పదకొండేళ్ళు మీ పక్క గదిలో లెక్కలు చెప్పిన దానియేలు ప్రభువు పేరట వందనాలు చెప్పి రాస్తున్నది. మీరు, బాలసరస్వతి గారు క్షేమమని తలుస్తాను. విషయం ఏమిటంటే, నేను మిమ్మల్ని క్షమించాను.

మా చర్చిలో ఈ ఏడాది ఈస్టరుకి ముందొచ్చే శ్రమల కాలం నలభై రోజులకీ పాస్టరు గారు ఒక కార్యక్రమం పెట్టారు. శత్రువుల్ని ప్రేమించాలని ప్రతి ఆదివారం చెప్పుకుంటాం గానీ ప్రేమించినవాణ్ణి ఒక్కణ్ణీ చూడలేదన్నది ఆయన బాధ. అందుకని సంఘంలో ప్రతి ఒక్కరూ ఒక శత్రువుకి చేత్తో ఉత్తరం రాయాలి. ఫోన్లు, వాట్సాప్‌లు చెల్లవు. లోపల సొంత అడ్రసు రాసి, స్టాంపు అంటించిన కవరు పెట్టాలి. రాజీపడ్డామని ఆ శత్రువు రాసిన జవాబును గుడ్ ఫ్రైడే నాడు బలిపీఠం దగ్గర ఉంచితేనే ఈస్టరుకి ప్రభుబల్ల, అంటే ప్రభువు జ్ఞాపకార్థం పంచే రొట్టె, ద్రాక్షరసం ఇస్తారు.

నేను సంఘ పెద్దని. అయినా అయిదేళ్ళుగా బల్ల తీసుకోవడం లేదు. ఈసారి కూడా తీసుకోకపోతే పెద్దరికం వదులుకోమన్నారు. అది పోతే పోయింది. అరవై ఎనిమిదేళ్ళు వచ్చాయి, ఆ రొట్టె ముక్క నోట్లో పెట్టుకోకుండానే పోతానేమోనన్నదే నా దిగులు. కాబట్టి దయచేసి త్వరగా జవాబు రాయగలరు.

మీ శ్రేయోభిలాషి,
దానియేలు.

తా.క.: ‘క్షమాపణ అందింది, సంతోషం’ అని రాస్తే చాలు. స్టాఫ్ రూం మినిట్స్ రాసినట్టు మూడు పేజీలు వద్దు.

గుడివాడ,
మార్చి 14.

దానియేలు మాస్టారికి బుచ్చిబాబు నమస్కారాలు.

మీ ఉత్తరం రెండుసార్లు నేను చదివాను. మూడోసారి మా ఆవిడ చదివింది. ఆయన్ని ఏం చేశారని అడిగింది. నేనేమీ చేయలేదన్నాను. ఏమీ చేయకుండానే మనిషి ఊరికే స్టాంపులు అంటించి మరీ క్షమిస్తాడా అంది. అప్పటినుంచి కాఫీ ఇచ్చేటప్పుడు నన్నొకరకంగా చూస్తోంది. ముప్ఫై ఎనిమిదేళ్ళ కాపురం మాది.

నేను మీకు శత్రువునని నాకు తెలియదండీ. మా శ్రీవిద్య పెళ్ళికి మీరూ, కృపాకుమారి గారూ అంత ఎండలో వచ్చారు. పులిహోర మారు అడిగి వేయించుకున్నారు. అదంతా శత్రువు ఇంట్లో భోజనం అనుకునే తిన్నారా? నా కంటి ఆపరేషన్‌కి సంచీడు బత్తాయిలు తెచ్చారు. అవి ఎవరికి తెచ్చారు? ఈ వయసులో నాకు మిగిలిన స్నేహితులు నలుగురు. ఇప్పుడు ముగ్గురనుకోవాలా? నిజం చెప్పాలంటే రెండు రోజులు అన్నం సయించలేదు.

ముందు నేను చేసిన నేరమేమిటో తెలియజేయండి.

ఇట్లు,
ఏమీ తెలియని మీ శత్రువు,
బుచ్చిబాబు.

తా.క.: మీరు పంపిన కవరు నా దగ్గరే భద్రంగా ఉంది. ఇది నా సొంత కవరు. నేరం తెలియకుండా క్షమాపణ అందుకోవడం నావల్ల కాదు.

మచిలీపట్నం,
మార్చి 20.

బుచ్చిబాబు గారికి వందనాలు.

మీ జవాబు పాస్టరు గారికి చూపించాను. చదివి, శత్రువంటే ఇలా ఉండాలి అని మెచ్చుకున్నారు. కానీ రాజీ మాట లేదు కనుక చెల్లదన్నారు.

నేరం అడిగారు కాబట్టి చెబుతున్నాను. రెండువేల మూడులో, పదో తరగతి పరీక్షల్లో, హాల్లో నేను కళ్ళు మూసుకుని పిల్లల కోసం ప్రార్థన చేస్తున్నాను. మీరు కిటికీలోంచి చూసి, దానియేలు గారు నిద్రపోతున్నారని హెడ్మాస్టరు గారితో చెప్పారు. ఆయన నాకు మెమో ఇచ్చారు. ఇరవై రెండేళ్ళు నేను ఆ మాట ఎత్తలేదు. ఇప్పుడు కూడా అవసరం పడబట్టి ఎత్తాను. ఆ బత్తాయిలు మాత్రం మనస్ఫూర్తిగా తెచ్చినవే.

మా సంఘంలో చాలామందికి శత్రువులు దొరకడం లేదు. అందరూ మంచివాళ్ళేనట. తోటికోడళ్ళు ఇద్దరు ఒకే ఇంట్లో రెండు పొయ్యిలు పెట్టుకుని కూడా మాకు శత్రువులెవరూ లేరంటున్నారు. వినీ వినీ పాస్టరు గారు నీరసపడిపోయారు. నాకూ ఓపిక తగ్గింది. రెండు వాక్యాలు రాసి పుణ్యం కట్టుకోండి.

వందనాలతో,
దానియేలు.

తా.క.: ఒకావిడ కరెంటు ఆఫీసుని క్షమిస్తూ రాసింది. మీ ఫిర్యాదు నమోదు చేసుకున్నామని జవాబొచ్చింది. అది చెల్లుతుందా లేదా అని తేల్చడానికి కమిటీ వేశారు. అందులో నేనూ ఉన్నాను.

గుడివాడ,
మార్చి 26.

దానియేలు మాస్టారికి,

నమస్కారం పెట్టడానికి మనసు రావడం లేదు గానీ అలవాటు కొద్దీ పెడుతున్నాను.

ప్రార్థనలో గురక వస్తుందని నాకు తెలియదండీ. వెనక బెంచీ పిల్లలు ఆ గురక లయకి పెన్నులతో దరువేస్తుంటే, ఏమిటా చప్పుడని హెడ్మాస్టరు గారే నన్నడిగారు. ఉన్నమాట చెప్పాను.

పోనీలే అనుకుని ఊరుకుందామంటే, మీరు తవ్వబట్టి నాకూ కొన్ని గుర్తొస్తున్నాయి. ఆ ఏడాది గ్రూపు ఫోటోకి కుర్చీలు సర్దింది మీరు. నన్ను వెనక వరసలో నిలబెట్టారు. ఫోటోలో నా తల కనుబొమల దగ్గర్నుంచి పైకి మాత్రమే పడింది. మనవరాలికి నన్ను చూపించాలంటే వెంట్రుకలు చూపించాల్సి వస్తోంది. దీన్ని మీరు క్షమించమని అడగనే లేదు.

ఇంకొకటి అడుగుతాను, కోపం తెచ్చుకోకండి. మన స్కూల్లోనే డ్రిల్లు మాస్టారుగా చేసిన మీ తమ్ముడు షడ్రకు గారు, మీరు ఒకే చర్చికి వెళ్తారు. మీ ఇద్దరికీ అయిదేళ్ళుగా మాటల్లేవు. మనతో పనిచేసిన వాళ్ళందరికీ తెలుసు. ఆయన్ని పక్కన పెట్టుకుని, శత్రువు కావాలంటే నలభై కిలోమీటర్ల అవతలున్న నేనెందుకు గుర్తొచ్చాను?

ఇట్లు,
బుచ్చిబాబు.

తా.క.: మా ఆవిడ ఆ ఫోటో తీసి భూతద్దం పెట్టి చూసింది. ఇందులో నేనసలు లేనే లేనంటోంది.

మచిలీపట్నం,
ఏప్రిల్ 3.

బుచ్చిబాబు గారికి,

షడ్రకు నాకు శత్రువు కాడండీ. తమ్ముడు. శత్రువునైతే ప్రేమించే ప్రయత్నమైనా చేద్దును.

మీకెందుకు రాశానంటే, మీరైతే జవాబు రాస్తారని తెలుసు. వాడు రాయకపోతే ఏం చేయాలి? ఎండ ముదిరింది, మోకాళ్ళ నొప్పులు, నాకిక వాదించే శక్తి లేదు. ఉన్నది ఉన్నట్టు చెబుతున్నాను.

అయిదేళ్ళ కిందట అమ్మ ఇక్కడే బందరు ఆస్పత్రిలో తొమ్మిది రోజులుంది. వాడొక్కరోజు రాలేదు. అమ్మ చివరిదాకా తలుపు వైపే చూసింది. దివిసీమలో మా ఊళ్ళో సమాధి కట్టించినప్పుడు, రాయి మీద కొడుకుల పేర్లేమిటని చెక్కే మనిషి అడిగాడు. నా ఒక్క పేరు చాలన్నాను. చోటు సరిపోలేదని అందరికీ చెప్పాను. చోటు ఉందండీ. ఇంకా నాలుగు పేర్లు పడతాయి. జ్ఞాపకార్థ కూడిక రోజున వాడు ఆ రాయి చూశాడు. ప్రార్థన అయ్యేదాకా నిలబడి, బస్సెక్కి వెళ్ళిపోయాడు. అరిచినా బాగుండేది.

అప్పటినుంచి ప్రతి బల్ల ఆదివారం నేను రొట్టె పళ్ళెం పట్టుకుని నిలబడతాను, మనసులో కోపం పెట్టుకుని తినకూడదు కనుక నేను తీసుకోను. వాడు కిటికీ పక్క వరసలోంచి లేచి రాడు. వాడి వైపు చూడకుండా పళ్ళెం పట్టుకోవడం నాకు బాగా అలవాటైపోయింది. ఆ అలవాటు చూసుకుంటే నాకే సిగ్గేస్తోంది.

ఫోటో సంగతికి క్షమించండి. రెండు వాక్యాలు రాయండి. అడుక్కుంటున్నాననుకోండి.

దానియేలు.

తా.క.: ఇది చదివి చింపేయండి. కృపాకుమారికి కూడా రాయి సంగతి తెలియదు.

గుడివాడ,
ఏప్రిల్ 9.

ప్రియమైన దానియేలు మాస్టారికి,

మీ ఉత్తరం చింపలేదు. కారణం చెబుతాను, కూర్చుని చదవండి.

మార్చిలో మీ మొదటి ఉత్తరం వచ్చిన మర్నాడే బందరు నుంచి నాకు ఇంకొకటి వచ్చింది. అందులోనూ నన్ను క్షమించారు. రాసింది మీ తమ్ముడు. ఆటల పోటీల రోజున ఆయన విజిల్ జేబులో వేసుకుని నేను ఇంటికి వెళ్ళిపోయానట. అది నిజమే. ఆయనా స్టాంపు అంటించిన కవరు పెట్టారు. ఆయనా త్వరగా జవాబు రాయమన్నారు. అన్నయ్యకి చెప్పొద్దన్నారు. నెల రోజులుగా ఇద్దరికీ జవాబులు రాయలేక నా చెయ్యి పడిపోతోంది.

మూడు వరసల దూరంలో కూర్చునే అన్నదమ్ములు, శత్రువు కోసం గుడివాడ దాకా వెతుక్కుంటూ వచ్చారు. మీ సంఘంలో ఎవరు ఎంత ప్రేమిస్తున్నారో తేల్చడానికి నేనెవర్ని? మా ఇళ్ళల్లో మేం వెలగబెడుతున్నదీ ఇంతే. కానీ మీ ఇద్దరి మధ్య నిలబడి శత్రువుగా ఉండే ఓపిక నాకిక లేదు.

అందుకని పొద్దున్నే మీ ఉత్తరాన్ని ఆయన కవర్లో పెట్టి పోస్టు చేశాను. ఇది మీ కవరు. ఇందులో నా కాగితం వెనక మడతపెట్టి ఉన్నది మీ తమ్ముడు మొన్న రాసిన ఉత్తరం. మీరు చదవకుండా పక్కన పడేస్తారేమోనని నాలుగు ముక్కలు ఇక్కడే ఎత్తి రాస్తున్నాను.

“ఆ తొమ్మిది రోజుల్లో ఆరు రోజులు ఆస్పత్రి గేటు దాకా వచ్చి వెనక్కి పోయానండీ మాస్టారూ. అమ్మని అలా చూడాలంటే భయమేసింది. అన్నయ్య రాయి మీద నా పేరు వేయించకపోవడం న్యాయమే. ఆ మాట ఆయనతో చెప్పాలంటే కాళ్ళు రావట్లేదు.”

గుడ్ ఫ్రైడేకి ఇంకా తొమ్మిది రోజులున్నాయి. మీ ఇల్లూ ఆయన ఇల్లూ ఒకే వీధిలో అనుకుంటాను.

మీ
బుచ్చిబాబు.

తా.క.: చింపమన్న ఉత్తరాన్ని పోస్టు చేసినందుకు నన్ను క్షమిస్తారో, ఇంకో నలభై రోజులు ఆగుతారో మీ ఇష్టం. నేను మాత్రం మిమ్మల్నిద్దర్నీ క్షమించలేదు. నా కోపం పోవాలంటే ఇద్దరూ కలిసి ఒకే బస్సులో గుడివాడ రావాలి. శత్రువుల్ని ప్రేమించమని మీకు చెప్పారు గానీ, నాకెవరూ చెప్పలేదు.