పైనుంచి మాత్రమే చూసిన ఇల్లు

ఫిబ్రవరి 11

మళ్ళీ మంచు. ఇవాళ వచ్చిన ఉపగ్రహం ఫొటోలన్నీ తెలుపే... కళ్ళు మూసినా తెలుపే. బయట లాస్‌పేటలో ఎండ చంపేస్తోంది. లోపల నేను మాత్రం ఏసీ కింద, చున్నీ చెవుల దాకా లాక్కుని, యుక్రెయిన్ చలికాలంలో కూర్చుని ఉన్నాను.

నాకు గుర్తుండిపోయిన ఆ ఇల్లున్న ఫొటో ముక్క, ఆ గడి, మళ్ళీ వచ్చింది. బావి, చెట్ల వరస, గుమ్మం నుంచి బావి దాకా సన్నటి దారి. దారి మీద మంచు తీసేసి ఉంది! అంటే ఎవరో ఉన్నారు. పొద్దున్నే లేచి నీళ్ళకు దారి చేసుకున్నారు. ఎందుకో ఆడమనిషి అనిపిస్తుంది నాకు. ఆవిడే.

కప్పు మీద మంచు నలుచదరంగా, చక్కగా కూర్చుని ఉంది. 'బాగుంది' అని నొక్కాను.

ఫిబ్రవరి 13

ఈ పుస్తకం తెరిచి డైనింగ్ టేబుల్ మీద మర్చిపోయాను. అత్త దాని మీద వంకాయల పళ్ళెం పెట్టింది. ఈ ఇంట్లో అందరూ తెలుగే మాట్లాడతారు, ఒక్కరికీ అక్షరం ముక్క రాదు. తాతల నాటి నుంచి ఈ తమిళ ఊరి బజారులో స్టీలు సామాన్ల కొట్టు, బళ్ళో తమిళం, ఇంట్లో తెలుగు. యానాం నుంచి అక్షరాలు మోసుకొచ్చింది నేనొక్కదాన్నే. హాయి! ఆయన పక్కనే కూర్చుని ఆయన గురక మీద పేజీ నింపొచ్చు.

అత్త అడిగింది — "దినమంతా ఆఫీసులో ఏమి సేస్తావే పద్మా?"

"ఆకాశంలోంచి ఇళ్ళు చూస్తానత్తా. యుద్ధం జరిగే చోట. కప్పు ఉందా, పోయిందా చెప్పాలి."

"దానికి జీతం ఇస్తారా!"

ఇస్తారు. ఒక్కో గడిని ఇద్దరం విడివిడిగా చూస్తాం. బాగుంది, కొంత పోయింది, మొత్తం పోయింది, చెప్పలేం — నాలుగింటిలో ఒకటి నొక్కాలి. ఇద్దరి మాటా ఒకటైతే గడి మూసుకుంటుంది. 'మొత్తం పోయింది' అన్న ఇళ్ళకు సాయం చేసేవాళ్ళు వచ్చే చలికాలం లోపు రేకులు పంపుతారు. మిగతావాటికి పంపరు. ఇదంతా చెప్పాక అత్త వంకాయలు తీసుకుని వెళ్ళిపోయింది.

ఫిబ్రవరి 20

కలలో ఆ దారి మీద నడిచాను, చెప్పుల్లేకుండా. చల్లగా లేదు. నేను మంచు ముట్టుకుంది లేదు, ఇక కలకేం తెలుసు పాపం.

మార్చి 4

టీవీలో యుద్ధం. కాఫీలతో అందరూ హాలులో.

మామ — "కొంచెం నేల ఇచ్చేసి సమాధానమైపోతే సరిపోయె గదా. ఇన్నేండ్లు ఏంది ఈ సండ, కొట్లాట? పెద్దోడితో పెట్టుకుంటే ఎట్లా?"

ఆయన — "రెండు పక్కలా తప్పుండాది నాయినా."

అత్త — "ఆ పిల్లోళ్ళ తల్లులు ఎట్లుండారో..."

నా నోరు ఊరుకుంటుందా? "మరి మన కొట్టు వెనక గోడో మామయ్యా? జానెడేగా. ఇచ్చేసి సమాధానమైపోకూడదూ?" అన్నాను. పక్క కొట్టాయన జానెడు లోపలికి జరిపి గోడ కట్టాడని, నా పెళ్ళికి ముందు నుంచీ కోర్టు మెట్లు ఎక్కుతున్నాడు మామ.

ఆయన కాఫీ కప్పులోకి తల దించేశారు. అత్త కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"అది వేరే. అది మా తాత నేల." టీవీ సౌండు పెంచాడు మామ.

గదిలోకొచ్చి ఒక్కదాన్నే నవ్వుకున్నాను. తర్వాత నవ్వు రాలేదు. ఆటో అతనికీ ఒక అభిప్రాయం ఉంది, కొట్టుకొచ్చే వాళ్ళకీ ఉంది. కాఫీ చల్లారేలోపు ఒక దేశాన్ని భాగాలు పంచేస్తారు. వాళ్ళతో వాదించడానికి నా దగ్గర ఏముంది? ఒక బావి, ఒక దారి.

మార్చి 29

మంచు కరిగింది. ఆ గడి ఇంకో గడిలా ఉంది. ముందు గుర్తే పట్టలేదు, బావిని చూసి పోల్చుకున్నాను.

ఇల్లు నల్లగా, నలుచదరంగా. ఇన్నాళ్ళూ మంచు కింద ఉన్నది నల్లటి కప్పన్నమాట! కానీ పెరట్లో ఎరుపు. చాప పరిచినంత ఎరుపు... ఏమిటది? ఏదీ నొక్కలేదు. రేపు చూద్దాం.

మార్చి 30

మిద్దె మీద అత్త. ఏంబలం నుంచి తెప్పించిన మిరపకాయలు పాత చీర మీద ఎండబోస్తోంది. ఘాటుకి నాకు తుమ్ములు. ఫొటోలు ఇంటికి తేకూడదు, అందుకని మాటల్లో చెప్పాను — ఇలా నల్లటి కప్పు, ఇలా పెరట్లో ఎరుపు.

"ఇంకేంది, మిరక్కాయలు ఎండబోసినారు. ఇంటి ముందర ఎర్రంగా ఇంకేముంటుంది?"

"అంత చలి దేశంలోనా అత్తా?"

"ఏం, వాళ్ళు కూడు తినరా?"

ఎంత బాగుందో ఆ మాట. ఆవిడ కూడా కొంగు దోపుకుని, కాలితో మిరపకాయలు తిరగేస్తూ, కాకుల్ని అదిలిస్తూ... అక్కడి కాకులు ఏ రంగువో. మధ్యాహ్నమంతా ఆ ఎరుపులోనే తిరిగాను. ఎండలో మా మిద్దె, ఆవిడ పెరడు ఒకటైపోయాయి.

మార్చి 31

ఆ గడికి రెండో మనిషి జెన్ని. నా ఎదురు సీటు, ఈ మధ్యే చేరిన తమిళ పిల్ల. తను 'మొత్తం పోయింది' అని పెట్టింది. నేను 'బాగుంది'. జత కుదరలేదు. సాయంత్రానికి ఈ గడుల బ్యాచ్ పంపాలి.

గడుల గురించి మేం ఒకరితో ఒకరు మాట్లాడుకోకూడదు. టీ దగ్గర మాట్లాడుకున్నాం.

కప్పు లేదక్కా అంది. కాదే, ఆ ఎరుపు మిరపకాయలు, మా అత్తే చెప్పింది అన్నాను. పకపకా నవ్వింది. 'సరి అక్కా, మీ అత్త చెప్తే ఇంకేముంది' అని వెళ్ళి తన గుర్తు మార్చేసింది. గడి మూసుకుంది. బ్యాచ్ వెళ్ళిపోయింది.

ఇంటికొస్తూ సముద్రం దగ్గర దిగాను. గాలికి చున్నీ ఆగడం లేదు. ఊరికే సంతోషం.

ఏప్రిల్ 16

మిద్దె మీద బట్టలు తీస్తుంటే నెత్తిన విమానం. రోజుకి ఒకటో రెండో, చిన్నవి. తలెత్తి నిలబడిపోయాను. పైనుంచి నేనెలా ఉంటాను? ఒక చుక్క, పక్కన ఆరేసిన చీరలు నాలుగు గీతలు. నేను ఏడుస్తున్నా తెలియదు, పాడుతున్నా తెలియదు.

ఆ ఊళ్ళో శబ్దమే లేదు నాకు. బాంబు కూడా చప్పుడు చెయ్యదు. ఒక ఫొటోలో ఇల్లుంటుంది, ఇంకో ఫొటోలో ఉండదు, అంతే.

మే 8

ఎరుపు చాప లేదు.

ఎర్రటి వరసలున్నాయి. గోడ వారగా, ఒకదాని పక్కన ఒకటి, పొందిగ్గా పేర్చినవి. మిరపకాయల్ని ఎవరూ పేర్చరు.

పెంకులు. అవి పెంకులు! కప్పు మొత్తం పెరట్లోకి జారి పడింది. ఆ నలుపు కప్పు కాదు, ఇంటి లోపలి నేల. గదుల మధ్య గోడలు కూడా కనిపిస్తున్నాయి, సన్నగా, గీతల్లా. మార్చిలోనూ కనిపించే ఉంటాయి. నేను చూడలేదు.

బాత్రూమ్‌లోకి వెళ్ళి మొహం కడుక్కుని వచ్చాను. ఆవిడ బతికే ఉంది. పగలని పెంకులు ఏరి దాస్తోంది. ఆవిడ నెత్తిన కప్పు లేదు. మా కాగితాల్లో మాత్రం ఉంది, నేను పెట్టాను. ఈ విడతలో అడుగుతున్నది పొలాలు దున్నారా లేదా అని మాత్రమే. కప్పుల గురించి మళ్ళీ అడగరట.

మే 9

టీమ్ లీడర్ కార్తీ సార్ దగ్గరికి వెళ్ళాను. 'పంపిన బ్యాచ్ తెరవడం కుదరదు మేడం.' ఒక్క గడి సార్. 'ఒక్కటి తప్పని మనమే చెప్తే మిగతావి ఎవరు నమ్ముతారు?' మనిషి చెడ్డవాడు కాదు. నా వైపు చూడకుండా చెప్పాడు.

జెన్ని మెట్ల దగ్గర పట్టుకుంది. 'నా ఉద్యోగం ఇంకా పర్మినెంట్ కాలేదక్కా...' అంది. కళ్ళలో నీళ్ళు. ఆ పిల్ల సరిగ్గానే చూసింది. నేనే చెరిపించాను.

మే 10

అన్నం సయించలేదు.

ఆయన — "ఏంది ముఖం అట్లా పెట్టినావు? ఒక్క ఇంటికి ఇంతనా? ఊర్లకు ఊర్లే పోతాండాయి గదా ఆడ."

ఒళ్ళు మండిపోయింది. "ఊళ్ళు నేను పోగొట్టలేదు. ఈ ఒక్కటి నేను పోగొట్టాను" అన్నాను. ఆయన నా కంచంలో పెరుగు వేశారు. తిన్నాను.

మే 14

అత్తకు చెప్పేశాను.

"అయ్యో, నా నోరు మండా! నేనేదో తమాషాకి సెప్తినే..." నెత్తి కొట్టుకుంది. మీ తప్పు కాదత్తా అంటే వినదు. "రొంబ పావమే ఆయమ్మ, శానా పాపం. వాన వస్తే ఏం సేస్తాది?" సాయంత్రం దీపం పెట్టి చాలాసేపు లేవలేదు.

మే 22

రాసిచ్చాను. తప్పు నాది, రెండో ఆవిడ మొదట సరిగ్గానే పెట్టింది, నా మాట మీద మార్చింది అని. కార్తీ సార్ రెండుసార్లు చదివాడు. చాలాసేపు పెన్ను తిప్పాడు. 'పైకి పంపుతాను, తర్వాత నన్ననొద్దు' అన్నాడు.

జూన్ 6

జవాబు లేదు.

జూన్ 17

వాన. మిద్దె మీద నీళ్ళు గొట్టంలోంచి దబదబా పడుతున్నాయి. నిద్రలో అవి మా ఇంట్లోకే పడుతున్నట్టు... లేచి చూస్తే నేల పొడిగా ఉంది. పొడిగా ఉన్నందుకు సిగ్గేసింది.

జులై 2

జవాబు వచ్చింది. కొత్త ఫొటో వచ్చాక ఆ గడిని మళ్ళీ ఇద్దరు చూస్తారట. ఒకరు నేను, ఇంకొకరు వేరే ఊరి ఆఫీసులో మనిషి. ఇద్దరి మాటా ఒకటైతే దిద్దుతారు. లేకపోతే పాత గుర్తే ఉంటుంది.

జెన్నిని రోడ్ల ఫొటోల పనికి మార్చారు. టీకి నాతో రావడం మానేసింది. పిలిచాను. పనుందక్కా అంది.

జులై 15

రాత్రి భోజనాల దగ్గర మామ టీవీ కట్టేశాడు. ఎప్పుడూ లేంది!

"ఆయమ్మకి రేకులు వచ్చినాయా?"

అత్త చెప్పి ఉంటుంది. "ఇంకా లేదు మామయ్యా."

"యాడ ఆ ఇల్లు? ఏ ఊరు?"

తెల్లబోయాను. అక్కడ చెట్లు ఎన్నున్నాయో చెప్పగలను, దారి ఎక్కడ వంపు తిరుగుతుందో చెప్పగలను. ఊరి పేరు? మాకు నంబరే ఇస్తారు. "తెలీదు మామయ్యా" అన్నాను.

"పేరు తెలీకుండానేనా ఇన్ని దినాలు..." అని ఆగిపోయాడు. ఎవరు గెలుస్తారో, ఎవరు తగ్గాలో ఏమీ చెప్పలేదు. చారు వేసుకుని తినేశాడు.

ఆగస్టు 3

మబ్బులు. ఆ గడి నిండా మబ్బులే. 'చెప్పలేం.' మళ్ళీ తీస్తారట.

ఆగస్టు 19

వచ్చింది.

పొద్దున తీసిన ఫొటో. ప్రతి దానికీ పొడుగాటి నీడ. పెరట్లో ఒక మనిషి నీడ! ఇన్నాళ్ళకు మొదటిసారి. మనిషి చుక్కంత, నీడ మాత్రం బావి దాకా. అటు వెళ్తోందో ఇటు వస్తోందో తెలియదు. వేలితో స్క్రీన్ ముట్టుకున్నాను.

గోడ వారన పెంకుల వరసలు తగ్గాయి. ఎటు పోయాయా అని వెతికితే... పైకి! ఇంటికి తూర్పు పక్కంతా ఎర్రగా కప్పేసి ఉంది. ఎలా ఎక్కించిందో, నిచ్చెన ఎవరు పట్టుకున్నారో. ఆఫీసులో అందరూ వినేలా నవ్వాను.

తర్వాత రూలు గుర్తొచ్చింది. సగం కప్పు ఉంటే 'కొంత పోయింది' నొక్కాలి. కొంత పోయిన ఇంటికి రేకులు రావు.

సగమా? సగానికి కాస్త తక్కువా? పెద్దది చేసి చూశాను, చిన్నది చేసి చూశాను. అంచు మీద చెట్టు నీడ, ఎక్కడ ఎరుపు ఆగిందో తేలదు. పడమటి పక్కకి ఏమీ లేదు, కింద మిగిలిన పెంకులు దానికి చాలవు. ఎండాకాలమంతా ఆవిడ పడ్డ కష్టమే ఆవిడకి అడ్డం వస్తోంది... మార్చిలో నాకు కావాల్సింది చూశాను. ఇప్పుడూ అదే చేస్తున్నానేమో. ఒట్టు, నాకే తెలియడం లేదు.

'మొత్తం పోయింది' అని నొక్కాను. ఆ మాట మీద వేలు పెట్టి దేవుణ్ణి తలుచుకున్నాను.

గడి మూసుకోలేదు. రెండో మనిషి ఇంకా చూడలేదు. ఆరింటి దాకా కూర్చున్నాను, ఏడింటి దాకా కూర్చున్నాను. కార్తీ సార్ లైట్లు ఒక్కొక్కటే ఆర్పుతూ వచ్చి, నా మీది లైటు వదిలేసి వెళ్ళాడు.

వచ్చే నెల నుంచే అక్కడ చలి మొదలవుతుందట.