అసిస్టెంటు జ్వరం

తమ్ముడికి,

ఫోన్‌లో అయితే మాట మార్చేస్తావని ఉత్తరం రాస్తున్నాను. దూడలకు టీకా వేస్తుంటే ఒకటి తన్నిందనీ, సూది మీ అసిస్టెంటు బొటనవేలిలో దిగిందనీ, అప్పట్నుంచి అతనికి జ్వరం వచ్చిపోతోందనీ మొన్న చెప్పావు. "పశువుల నుంచి మనుషులకొచ్చే జబ్బుల మీదే కదక్కా నీ పీజీ, ఏ మందు వాడాలో చెప్పు" అన్నావు. నలభై దాటాక కాలేజీ ఏమిటని ఏడిపించే నువ్వు, పశువుల డాక్టరువై ఉండి నన్ను సలహా అడగడమే నా మొదటి అనుమానం.

పిల్లి తుమ్మినా అనుమానిస్తానని మీరంతా నవ్వుతారు. నా అనుమానాలను నేనే సగం నమ్మను. కానీ తెల్లవారుజామున అతని దుప్పటి చెమటకు తడిసి ముద్దవుతోందన్నావే, అసిస్టెంటు దుప్పటి సంగతి నీకెలా తెలుసురా? మరదలిని కదిపి చూశాను. "ఏమో వదినా, రోజూ దుప్పట్లు ఉతకలేక చస్తున్నా" అంది.

ఆ టీకాలో ఉన్నవి బతికున్న క్రిములని నీకు నేను చెప్పాలా? మామూలు జ్వరమని వదిలేస్తే కీళ్లలో, వెన్నులో తిష్ఠ వేస్తాయి. నువ్వు దాస్తున్నది పైవాళ్లు తప్పుపడతారన్న భయంతోనో, అక్క ముందు చిన్నబోతానన్న మొహమాటంతోనో నాకు తెలియదు.

ఇది అందిన రోజే పెద్దాసుపత్రికి వెళ్లు. టీకా సీసా కూడా చూపించు, ఏ మందు పనిచేస్తుందో దాన్నిబట్టే ఉంటుంది. సూది గుచ్చుకున్నది అసిస్టెంటుకేనని అక్కడా చెప్పుకో, నాకేం అభ్యంతరం లేదు. రక్తం తీసేటప్పుడు మాత్రం చెయ్యి నువ్వే చాపు.

అనుమానాల అక్క