బ్రౌజర్ మూసి తెరిచినందుకు రమణకి పేరు

శుక్రవారం, రాత్రి

మా ఆఫీసు చూసుకునే చేపల కంపెనీ వెబ్‌సైటు పొద్దున్నే పడిపోయింది. సర్వర్ చచ్చిందని తెలిసి, సైటు ఏ సర్వర్‌లో ఉందో బ్రౌజర్లకి చెప్పే డీఎన్ఎస్‌లో అడ్రస్ మార్చి సైటుని స్టాండ్‌బై సర్వర్‌కి తిప్పింది నేను. నా కంప్యూటర్‌లో వెంటనే వచ్చింది. మా సార్ కంప్యూటర్‌లో రాలేదు.

"ఏటిది, నువ్వు మార్సింది పనిసెయ్యట్లేదు" అన్నారు సార్. మీ బ్రౌజర్ పాత అడ్రస్‌నే గుర్తుపెట్టుకుని చచ్చిన సర్వర్‌కే పోతోందని చెబుతుంటే వినిపించుకోలేదు. అప్పుడే, గాజువాక నుంచి బస్సు లేటని తీరిగ్గా వచ్చిన నా పక్క సీటు రమణ, సార్ బ్రౌజర్ మూసేసి మళ్లీ తెరిచాడు. సైటు వచ్చేసింది.

"బతికించావ్ రా రమణా."

"నానేటి సేసాను సార్, బావే అంతా సేసాడు" అన్నాడు వాడు నన్ను చూపించి. సార్ దాన్ని వినయం అనుకున్నారు. అబద్ధమాడి పేరు కొట్టేసినా ఇంత మండేది కాదు.

సాయంత్రం హార్బర్ నుంచి చేపల కంపెనీ ఓనరు ఫోన్ చేస్తే నేనే ఎత్తాను. "సైటు బాగుసేసిన కుర్రోడికివ్వు, రమణంట." ఇచ్చాను.

బ్రౌజర్ అయితే మూసి తెరిస్తే పాతది మర్చిపోతుంది. సార్ బుర్రలో ఆ పేరు ఎన్నాళ్లుంటుందో... సార్ సంగతెందుకు, పడుకుందామంటే నా బుర్రలోనూ వాడి పేరే తిరుగుతోంది.